బోర్లించిన గిన్నె

"ఇంతేనా అమ్మా? ఇంకేం జరగదా?" అన్నారు పాండురంగారావు, కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ.

కంప్యూటరు తెరమీద ఒక ఆడమనిషి వీపు ఇటు పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక పొయ్యి. పొయ్యి పక్కన మూకుడు మూతపెట్టిన మట్టిగిన్నె. బయట వెలుగు కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

"కాసేపు ఆగండి సార్," అంది రుక్సానా.

ఆయన ఆగారు. కీబోర్డు మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఉంచారు. బాణం బటన్లు నొక్కితే తెరమీది మనిషి నడుస్తుంది. పొడుగాటి స్పేస్ బార్ నొక్కితే ఎదురుగా ఉన్న పని చేస్తుంది: కుండలో నీళ్ళు పోస్తుంది, పొయ్యిలో పుల్ల ఎగదోస్తుంది, గిన్నె మీద మూత సర్దుతుంది, గుమ్మం దగ్గరికి వెళ్ళి దారి చూస్తుంది. పాట లేదు, సంగీతం లేదు. అన్నం ఉడుకుతున్న చప్పుడు, తర్వాత అదీ ఆగిపోతే గాలికి తలుపు కిర్రుమనే చప్పుడు. ఆ కిర్రు రుక్సానా తన ఇంటి పెరటితలుపు దగ్గర సెల్‌ఫోను పట్టుకుని రికార్డు చేసింది.

ఉన్నట్టుండి తెర ఎర్రబడి, మంటల చిటపట వినిపించి, అంతా నల్లగా అయిపోయింది. ఆ నలుపులోంచి నిజమైన గిన్నె ఫోటో మెల్లగా తేలింది. పగిలి అతికించిన గిన్నె. అందులో నల్లటి బియ్యపు గింజలు.

పాండురంగారావు కుర్చీలో వెనక్కి వాలారు. బాపట్ల కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయిన మనిషి. తన వయసువాళ్ళు కొందరిని కూడగట్టి, పాత ఇంట్లో రెండు గదులు బాగుచేయించి, ఈ చిన్న మ్యూజియం పెట్టారు. భట్టిప్రోలు స్తూపం పేరు వినని వాళ్ళుండరు. కానీ ఈ మ్యూజియంలో ఉన్నది స్తూపం సామాను కాదు. అక్కడికి కాస్త దూరంలో, రేపల్లె వెళ్ళే దారిలో, చేపల చెరువు కోసం పాత ఊరి పాటిదిబ్బ తవ్వుతుంటే బయటపడిన ఒక మామూలు ఇల్లు. రెండువేల ఏళ్ళనాటి ఇల్లు. ఆ తవ్వకం ఆయన దగ్గరుండి చూశారు. నిప్పంటుకుని కప్పు కూలి పొయ్యి మీద పడింది. గిన్నెలో అన్నం బొగ్గయింది. బొగ్గయింది కాబట్టే మిగిలింది.

"ఎదురుచూసిందని నీకెలా తెలుసు?" అన్నారాయన.

"గిన్నె నిండా అన్నముంది. మూత పెట్టుంది. ఎవరికోసమో దాచితేనే కదండీ అట్లా పెట్టేది."

"పిల్లి ముట్టుకోకుండా పెట్టుండొచ్చు. అప్పుడే వార్చి పక్కన పెట్టుండొచ్చు. మనకి దొరికింది ఒక గిన్నె, ఒక మూకుడు, కాలిన బియ్యం. ఎదురుచూపు తవ్వకంలో దొరకదమ్మా."

రుక్సానా మానిటరు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "మరి గిన్నె కింద మీరు రాసిపెట్టిన చీటీ ఎవరన్నా చదువుతున్నారా సార్?"

ఎవరూ చదవటం లేదని ఆయనకూ తెలుసు. అడపాదడపా వచ్చినవాళ్ళు పూసల అద్దాలపెట్టె దగ్గర ఆగుతారు, నాణేల దగ్గర ఆగుతారు, గిన్నె దగ్గర 'కుండ పెంకులు' అనుకుని ముందుకు పోతారు. అది చూసి బాధపడి ఆయన ఈ పని రుక్సానాకి అప్పజెప్పారు. తెనాలిలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో ఆమె ఉద్యోగం. ఆయన మనవరాలి పెళ్ళి సీడీకి ఆమె వేసిన కదిలే బొమ్మలు ఆయనకి నచ్చాయి.

"ఉండనీ. జనం ఏమంటారో చూద్దాం," అని లేచారు. తలుపుదాకా వెళ్ళి మళ్ళీ తిరిగారు. "ఆవిడ మొహం వెయ్యలేదేం?"

"ఎవరికీ తెలియదు కదండీ ఆ మొహం."

పాండురంగారావు తల ఊపారు. ఆ ఒక్క మాటా ఆయనకి బాగా నచ్చినట్టుంది.

*

బాపట్లలో పాసింజరెక్కి, అప్పికట్ల, నిడుబ్రోలు దాటి తెనాలిలో దిగేసరికి పొద్దువాటారింది. రుక్సానా మార్కెట్లో బొచ్చె చేప ముక్కలు తీసుకుని ఇంటికి వచ్చింది. రెండు గదులు, పెరడు. పక్కవాటా వాళ్ళు టీవీ పెట్టుకున్నారు.

బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఇద్దరికి సరిపడా పోసింది. చింతపండు పిసుకుతుంటే ఫోన్ మోగింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఆమె భర్త జిలానీ. అతని వెనక సుత్తి దెబ్బలు, ఎవరివో కేకలు. అతను నిజాంపట్నం హార్బరులో బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు.

"పులుసు పెడతన్నా. బయల్దేరారా?"

"ఇంజన్ విప్పి పడేసుంది రుక్సానా. రేపు పొద్దున్నే బోటు వేటకెళ్ళాలంట. వీలైతే రాత్రికి వస్తా. లేకపోతే శుక్రవారం. శుక్రవారం ఖాయం."

"సరే. తిన్నారా?"

"తింటాలే. నువ్వు తినెయ్."

ప్రతిసారీ అదే మాట. రానని ఎప్పుడూ అనడు. వీలైతే వస్తానంటాడు. వాళ్ళమధ్య పోట్లాట ఏదీ జరగలేదు. మొదట్లో వారానికి రెండుసార్లు వచ్చేవాడు, తర్వాత శుక్రవారం జుమ్మాకి వచ్చేవాడు, తర్వాత పండక్కి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో రుక్సానాకి తెలియదు. వదిలేశాడని చెప్పటానికి లేదు. ఉన్నాడని చెప్పటానికీ లేదు.

పులుసు దించింది. అన్నం వార్చింది. రేపల్లె నుంచి వచ్చే బండి కూత వినిపించేదాకా పెరట్లో బట్టలు తీసి మడతపెట్టింది. కూత వినిపించాక, స్టేషన్ నుంచి నడిచివచ్చే మనిషికి పట్టేంతసేపు గుమ్మంలో కూర్చుంది. వీధిలో సైకిళ్ళు పోయాయి. అత్తరు డబ్బా పట్టుకుని ఎవరో ముసలాయన పోయాడు. ఆపైన లోపలికి వచ్చి చల్లారిన అన్నంలో చల్లారిన పులుసు కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక ఆకలి చచ్చిపోయింది.

*

మ్యూజియంలో కంప్యూటరు ఆట మొదలుపెట్టిన రోజు అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. రుక్సానా స్టూడియోలో సెలవు పెట్టి కంప్యూటరు పక్కన స్టూలేసుకుని కూర్చుంది. మొదట వచ్చినవాళ్ళు పెద్దలు. ఒకాయన రెండుసార్లు నీళ్ళుపోసి లేచిపోయాడు. ఒకామె మాత్రం చివరిదాకా ఆడింది. తెర నల్లబడి గిన్నె తేలగానే అద్దాలపెట్టె దగ్గరికి వెళ్ళి ఆ గిన్నె ముందు చాలాసేపు నిలబడింది. పమిటచెంగుతో ముక్కు తుడుచుకుంది. కూడా వచ్చిన ఆవిడతో, "పాపం, ఎవర్తో తల్లి, ఎంతసేపు చూసిందో," అంది.

దూరంగా నిలబడ్డ పాండురంగారావు రుక్సానా వైపు చూసి కనుబొమలెగరేశారు. గెలిచావు అన్నట్టుగా. రుక్సానాకి లోపల వెచ్చగా అనిపించింది. తన ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది రెండువేల ఏళ్ళ కిందటి ఆడమనిషి మీద పెట్టి చెబితే, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఏడుస్తున్నారు.

మధ్యాహ్నానికి రేపల్లె నుంచి ఒక బడి పిల్లలు బస్సులో వచ్చారు. వాళ్ళ టీచరు కుసుమకుమారి వాళ్ళని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోమంది. పిల్లలకి నచ్చలేదు. "పాయింట్లు ఎక్కడ పడతన్నాయి?" అని ఒకడు, "దొంగలు రారా?" అని ఇంకొకడు. లేచిపోయి పూసలపెట్టె చుట్టూ మూగారు.

వరసలో ఆఖరున స్నేహ అనే పిల్ల మిగిలింది. అయిదో తరగతో ఆరో తరగతో. రెండు జడలు, మోచేతి దగ్గర సిరామరక. ఆ పిల్ల తొందరపడలేదు. ముందు నీళ్ళు పోయించింది. పుల్ల ఎగదోయించింది. గుమ్మంలోకి నడిపించి, కాసేపు దారి చూపించి, మళ్ళీ వెనక్కి తిప్పి గిన్నె దగ్గరికి తీసుకొచ్చింది. స్పేస్ బార్ నొక్కింది. తెరమీది మనిషి మూత సర్దింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూత సర్దింది. ఆ పిల్ల ఒక్కో బటనూ వరసపెట్టి నొక్కుకుంటూ పోయింది.

"ఏం కావాలమ్మా?" అంది రుక్సానా.

"తినే బటన్ ఏదాంటీ?"

"తినే బటన్ లేదు. ఆవిడ తినదు."

"ఎందుకని?"

"ఎదురుచూస్తంది కదా. వాళ్ళాయన వచ్చాక తింటది."

స్నేహ తెరవైపే చూస్తూ ఆలోచించింది. "ఆయన ఎప్పుడొస్తాడు?"

"రాడు. ఈ ఆటలో రాడు."

"మరి ఆవిడకి తెలీదా?"

ఆ పిల్ల మళ్ళీ స్పేస్ బార్ మీద వేలు పెట్టింది. "పొద్దున్నించీ ఆవిడే నీళ్ళు మోసింది. ఆవిడే వండింది. ఆకలేస్తది కదాంటీ. మీరు ఆ బటన్ పెట్టాల్సింది."

టీచరు వచ్చి, "ఇక లెగమ్మా, బస్సుకి టైమయింది," అని చెయ్యి పట్టుకుంది. స్నేహ లేస్తూ తెరమీది మనిషిని గిన్నె పక్కనే వదిలేసింది. గుమ్మం దగ్గరికి పంపలేదు. ఆ మనిషి గిన్నె ముందు కదలకుండా నిలబడి ఉండగానే తెర ఎర్రబడింది, నల్లబడింది.

తర్వాత వచ్చిన వాళ్ళెవరికీ రుక్సానా సరిగా చెప్పలేకపోయింది. ఆ బొమ్మ ప్రతి కదలికా తన చేత్తో వేసింది. నడకకి ఎన్నో బొమ్మలు, వంగటానికి, నీళ్ళు పొయ్యటానికి, తల తిప్పటానికి ఇంకెన్నో. తినటానికి ఒక్కటీ వెయ్యలేదు. వెయ్యాలన్న ఆలోచనే రాలేదు.

*

జనం వెళ్ళిపోయాక పాండురంగారావు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు.

"సార్, ఆటలో ఒక మార్పు చెయ్యాలనుకుంటన్నా," అంది రుక్సానా. "ఆవిడ తినేటట్టు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అది కుదరదమ్మా. ఎదురుచూపు నువ్వు ఊహించావు, సరే, అది తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఊరుకున్నాను. కానీ అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. గింజలు ఇవిగో, కళ్ళముందున్నాయి. తిన్నట్టు చూపిస్తే అబద్ధమవుతుంది."

"ఆవిడ ఆకలితోనే ఉండిపోయిందంటారా?"

"నేనేమీ అనను. గిన్నె నిండుగా ఉందంటాను, అంతే."

రుక్సానా టీ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అద్దాలపెట్టె దాకా వెళ్ళింది. గిన్నె చిన్నది. ఒక మనిషి కడుపునిండా తింటే సరిపోయేంత. ఇద్దరికి చాలదు.

"ఇందులో ఒక్కరి అన్నమే ఉంది సార్," అంది. "ఆవిడ తనకి వేరే పెట్టుకుని ఉండాలి కదా. ఆ గిన్నేది?"

పాండురంగారావు అల్మరా తెరిచి, తవ్వకం ఫోటోలున్న కవరు తీసి బల్లమీద పరిచారు. పొయ్యి దగ్గర తీసిన ఫోటో ఒకటి భూతద్దం పెట్టి చూశారు. రుక్సానా కూడా ఆయన భుజం పక్కగా వంగి చూసింది. కూలిన మట్టి, పొయ్యి రాళ్ళు, మధ్యలో మూకుడు మూతపెట్టిన గిన్నె. దానికి జానెడు దూరంలో గుండ్రటి మట్టిగడ్డలాంటిది ఏదో ఉంది.

"ఇదేంటండి?"

ఆయన లేచి వెనకగదిలోకి వెళ్ళారు. అక్కడ గోడవారన అద్దాలపెట్టెల్లోకి ఎక్కని పెంకుల ట్రేలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చుని, రెండు ట్రేలు దించి, మూడోది బయటికి లాగారు. పాత పేపరు మడతల్లోంచి ఒక గిన్నె తీశారు. అంచు దగ్గర చిన్న ముక్క ఎగిరిపోయింది, మిగతాది బాగానే ఉంది. లోపల శుభ్రంగా ఉంది. ఒక్క గింజ లేదు.

"ఇది బోర్లించి ఉంది," అన్నారాయన. "నాకు బాగా గుర్తు. కదిలిస్తే కింద బూడిద పడని మట్టి గుండ్రంగా ఉంది, అంటే మంటలకి ముందే బోర్లించారు. కానీ ఖాళీగిన్నె కదా. జనానికి చూపించటానికి ఇందులో ఏముందిలే అనుకున్నాను. నేనూ ఆ నిండుగిన్నె వైపే చూస్తూ ఉండిపోయానమ్మా."

గిన్నె ఆమె చేతికిచ్చారు. రుక్సానా దాన్ని అటూ ఇటూ తిప్పింది. తన ఇంట్లో గిన్నెలంత బరువు లేదు. లోపలివైపు బొటనవేలితో తడిమింది. నున్నగా ఉంది.

"ఒకరు తిన్నారు," అన్నారు పాండురంగారావు, ఒక్కో మాటా తూచినట్టుగా. "తిని, కడిగి, బోర్లించారు. ఇంకొకరికి మూతపెట్టి ఉంచారు. ఇంతవరకు చెప్పొచ్చు. ఎవరు తిన్నారో చెప్పలేం."

"ఆవిడే తిందని నేను అనుకోవచ్చా సార్?"

ఆయన పాత పేపరు మడతపెట్టి ట్రేలో పెట్టారు. "అనుకో. అనుకున్నానని తెరమీద రాయి. చూసినవాళ్ళు వాళ్ళకి తోచింది వాళ్ళు అనుకుంటారు."

"ఇంకోటి కూడా రాస్తానండి. ఆ ఇంట్లో ఎముకలు దొరకలేదని మీరు మొన్న అన్నారు."

"అవును. మంటలొచ్చేటప్పటికి ఇంట్లో ఎవరూ లేరు. లేకపోతే బయటపడ్డారు."

"అది రాస్తా."

పాండురంగారావు లేవటానికి చెయ్యి చాచారు. రుక్సానా పట్టుకుని లేపింది. ఇద్దరూ కలిసి అద్దాలపెట్టె తాళం తీసి, నిండుగిన్నెని ఒక పక్కకి జరిపి, ఖాళీగిన్నెని దాని పక్కన బోర్లించారు. ఆయన వెనక్కి తగ్గి చూసి, మళ్ళీ వెళ్ళి రెండింటి మధ్యా జానెడు ఎడం ఉండేటట్టు సర్దారు.

*

శుక్రవారం స్టూడియోకి సెలవు. రుక్సానా పొద్దున్నించీ ఇంట్లోనే కూర్చుని కాగితాల మీద చేతుల బొమ్మలు వేస్తోంది. తినే చెయ్యి కుదరటం లేదు. ఎన్నిసార్లు వేసినా అది తినే చెయ్యిలా లేదు, ఎవరినో పిలిచే చెయ్యిలా ఉంది. పెన్సిలు పెట్టేసి వంటకి లేచింది. వంకాయ కూర, పప్పు. బియ్యం మళ్ళీ ఇద్దరికే పోసింది.

మధ్యాహ్నం మసీదు నుంచి జనం తిరిగివెళుతున్న వేళకి ఫోన్ మోగింది.

"రుక్సానా, బయల్దేరదామనుకుంటన్నా. ఇక్కడ ఒక బోటు గేరుబాక్సు పట్టేసింది. చూసి, వీలైతే సాయంత్రానికి..."

"ఏమండీ," అంది ఆమె. "ఒకటి అడుగుతా. కోపం కాదు. వస్తారా, రారా?"

"అదే చెప్తన్నా కదా, వీలైతే..."

"వీలు సంగతి కాదు. ఇవాళ సంగతి కూడా కాదు. ఈ ఇంటికి వస్తారా, రారా?"

అవతల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. అతను అక్కణ్ణించి దూరంగా నడిచినట్టున్నాడు, దెబ్బలు పలచబడ్డాయి. గాలి హోరు వచ్చింది. చాలాసేపటికి జిలానీ అన్నాడు, "రాలేనేమో రుక్సానా."

ఆమె గోడకి ఆనుకుంది.

"నీ తప్పేం లేదు," అన్నాడతను. "రావాలనే అనుకుంటా. బస్టాండు దాకా కూడా వస్తా ఒక్కోసారి. ఎందుకో ఎక్కబుద్ధి కాదు. నీకెట్లా చెప్పాలో తెలీక..."

"చెప్పారుగా," అంది. "మిగతావి మా అన్న అబూబకర్ ఉన్నప్పుడు వచ్చి మాట్లాడండి. ఆరోగ్యం జాగ్రత్త."

ఫోను పెట్టేసింది. చాపమీద కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చింది. పక్కవాటా వాళ్ళకి వినపడకుండా మోకాళ్ళమధ్య మొహం పెట్టుకుని ఏడ్చింది. రాడని ఆమెకి ఎప్పటినుంచో తెలుసు. అయినా అతని నోటివెంట విన్నాక, ఇల్లు ఇంకాస్త పెద్దదైనట్టుంది. పక్కవాటా టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

కొంతసేపటికి లేచి మొహం కడుక్కుంది. కాగితాలు చాపమీద చెల్లాచెదురుగా ఉన్నాయి. తినే చెయ్యి ఇంకా కుదరలేదు. సోమవారానికి సీడీ ఇస్తానని పాండురంగారావుగారికి చెప్పింది.

గోడకున్న అద్దం తీసి గోధుమల డబ్బాకి ఆనించి నిలబెట్టింది. దాని ముందు కంచం పెట్టుకుంది. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. పప్పు వేసుకుంది, వంకాయ కూర పక్కన వేసుకుంది. పెన్సిలు ఎడమచేతి పక్కన పెట్టుకుంది. కలిపింది. వేళ్ళు కాలితే ఊదుకుంది. అద్దంలో చూస్తూ, మెల్లగా, ముద్ద చేసింది. నాలుగువేళ్ళూ దగ్గరికి వస్తాయి. బొటనవేలు వెనకనుంచి నెడుతుంది. చెయ్యి సగందూరం పైకి లేస్తుంది, మిగతా సగం తలే కిందికి వంగుతుంది. ఇన్నేళ్ళుగా తింటున్నా ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. అందుకే కుదరలేదు. తాను వేసిన బొమ్మల్లో తల నిటారుగా, గుమ్మం వైపే ఉంది.

ఎడమచేత్తో వంకరటింకరగా ఒక గీత గీసుకుంది. వంగిన మెడ. దాన్ని కలుస్తున్న చెయ్యి. మళ్ళీ ముద్ద చేసింది, మళ్ళీ చూసి గీసుకుంది. వంకాయ బాగా మగ్గింది, ఉప్పు కొంచెం తగ్గింది. మూడో ముద్దకి పెన్సిలు దొర్లిపోయి చాప అంచుదాకా వెళ్ళింది. నాలుగో ముద్దకి ఆమె అద్దంలోకి చూడటం మర్చిపోయింది.